రన్నీమీడ్‌లో ఒక శనివారం

రాజకీయాలు రాసేవాడు సెలవు రోజు గురించి రాస్తే పాఠకులకు రెండు అనుమానాలు కలగడం సహజం. ఢిల్లీలో నేరుగా చెప్పలేని సంగతేదో విహారయాత్ర మాటున చెబుతున్నాడన్నది మొదటిది. విదేశం వెళ్ళివచ్చిన విషయం నలుగురికీ తెలియాలని ఉబలాటపడుతున్నాడన్నది రెండోది. మొదటి అనుమానంలో కొంత నిజం ఉన్నది. రెండోదాని విషయంలో నా విన్నపం ఒక్కటే: ఆ విమానం టికెట్ల సొమ్ము నేనింకా వాయిదాల మీద చెల్లిస్తూనే ఉన్నాను.

జూన్ నెలలో ఢిల్లీ నుంచి తప్పించుకోవాలని కోరుకోనివారు ఉండరు. ఈ ఏడు మాకు ఆ అవకాశం దొరికింది. ఇరవై ఏళ్ళ కిందట హైదరాబాదులో నాతో పాటు జర్నలిజంలో పీజీ చేసి, ఆ తరువాత ఎనిమిదేళ్ళు నాతో ఒకే డెస్కులో పనిచేసిన మిత్రుడు ఇప్పుడు లండన్‌కు పడమరగా, థేమ్స్ ఒడ్డున ఉన్న స్టెయిన్స్ పట్టణంలో స్థిరపడ్డాడు. అతడి భార్య అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యురాలు. ఆమె ఉద్యోగం కోసం అతడు వృత్తిని వదులుకొని, ఒక విశ్వవిద్యాలయంలో ప్రచురణల విభాగం చూసుకుంటున్నాడు. వార్త రాయడం మానేశాడే గాని చదవడం మానలేదు. తెల్లవారకముందే లేచి తెలుగు పత్రికల ఈ-పేపర్లన్నీ తిరగేసి, మా బంధువుల ఊరి విశేషాలు మాకే చెబుతుంటాడు.

జూన్ 28, శనివారం. ఎండ ముప్పై డిగ్రీలకు చేరుతుందని, వృద్ధులు జాగ్రత్తగా ఉండాలని రేడియో హెచ్చరిస్తున్నది. ఢిల్లీలో నలభై అయిదు చూసి వచ్చిన మా పిల్లలకు అది నవ్వులాటగా తోచింది. వారు దగ్గరలోని లెగోలాండ్‌కు వెళ్దామన్నారు. టికెట్ల ధర చూసిన పెద్దలం నది ఒడ్డుకు వెళ్దామన్నాం. చివరకు మిత్రుడే తీర్పు చెప్పాడు.

"ఇవాళ పి.వి. పుట్టినరోజురా. ఆయన నాటిన చెట్టొకటి ఇక్కడికి పది నిమిషాల దూరంలో ఉంది. ఆయన మీద అన్ని వ్యాసాలు రాశావు, అది చూడకుండా విమానం ఎక్కుతావా?"

అలా రన్నీమీడ్ ఖాయమైంది. పిల్లలకు దారిలో ఐస్‌క్రీమ్ అనే షరతు మీద.

అంతకుముందు రాత్రే మిత్రుడు కొంచెం సంకోచంగా మరో మాట అడిగాడు. పక్కింటి పెద్దాయన కూడా మాతో వస్తానంటున్నారట. లాహోరు ఆయన. నలభై ఏళ్ళకు పైగా అక్కడి హైకోర్టులో వకీలుగా పనిచేసి, భార్య పోయాక కొడుకు దగ్గరకు వచ్చి ఉంటున్నారు. "మీకేమీ అభ్యంతరం లేదు కదా?" అన్నాడు. ఆ ప్రశ్న ఎందుకు అడగవలసి వచ్చిందో పాఠకులకు వివరించనక్కరలేదు. పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపి అప్పటికి రెండు నెలలు దాటింది. మే 7 నుంచి 10 వరకు రెండు దేశాల మధ్య క్షిపణులు, డ్రోన్లు తిరిగాయి. నేను జవాబు వెతుక్కునేలోగా నా సహచరి అన్నది, "మనతో రావడానికి ఆయనకు అభ్యంతరం లేదా అన్నయ్యా? ముందు అది కనుక్కోండి."

ఆయనకు లేదు. కీమా సమోసాల డబ్బాతో ఉదయం తొమ్మిదికే గుమ్మంలో నిలబడ్డారు. అందరూ ఆయనను వకీల్ సాబ్ అంటారు. మేమూ అలాగే అన్నాం. ఆ రోజు తీసుకున్న ఫొటోలు ఎక్కడా పెట్టకూడదన్న ఒప్పందం ఇరువైపులా ఎవరూ నోరు తెరిచి అడగకుండానే కుదిరింది.

రన్నీమీడ్ అంటే కోట కాదు, గుడి కాదు. థేమ్స్ నదికి ఆనుకొని ఉన్న విశాలమైన పచ్చికబయలు. ఒకవైపు నది, మరోవైపు చెట్లతో నిండిన కూపర్స్ హిల్ అనే చిన్న కొండ. తలమీదుగా కొద్ది నిమిషాలకొకసారి హీత్రో విమానాలు వెళుతుంటాయి. నదిలో పడవలు, ఒడ్డున కుక్కలు, నీళ్ళలో కాళ్ళు ఆడించే పిల్లలు, చొక్కాలు విప్పి ఎండ కాచుకునే పెద్దలు. ఎనిమిది వందల ఏళ్ళ చరిత్ర ఉన్న చోటు ఇంత నిర్లక్ష్యంగా, ఇంత సుఖంగా ఉండటం నాకు నచ్చింది. మన దగ్గరైతే ప్రాకారం, టికెట్ కౌంటరు, మెటల్ డిటెక్టరు వచ్చి ఉండేవి.

బయలు చివర టీ దుకాణం నడుస్తున్న చిన్న భవనాన్ని చూస్తే ఢిల్లీవాడికి ఎక్కడో చూసినట్టు అనిపిస్తుంది. అనిపించడంలో వింత లేదు. దాన్ని కట్టింది ఎడ్విన్ లుట్యెన్స్. 1931లో కొత్త ఢిల్లీ ప్రారంభమైంది. ఆ మరుసటి ఏడాది ఈ భవనాలు తెరిచారు. వలస దేశంలో వైస్రాయి కోసం అంత పెద్ద గుమ్మటం ఎత్తిన వాస్తుశిల్పి, స్వదేశంలో రాజు అధికారానికి హద్దు గీసిన స్థలంలో రెండు ముచ్చటైన ఇళ్ళతో సరిపెట్టాడు. కొండ మీద ఇంకో సంగతి ఉన్నది. 1872 నుంచి 1906 వరకు అక్కడ రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాల నడిచింది. మన ప్రజాపనుల శాఖకు ఇంజనీర్లను తయారుచేసి పంపింది ఆ కొండ మీది నుంచే. వారు కింది బయలు చరిత్ర చదువుకునే ఓడ ఎక్కి ఉంటారు. మన దేశంలో వారు కొలువు చేసిన ప్రభుత్వానికి మాత్రం 1818 నాటి బెంగాల్ రెగ్యులేషన్ ఉండేది. దాని కింద ఎవరినైనా విచారణ లేకుండా నిర్బంధించవచ్చు.

దుప్పట్లు పరిచి కూర్చున్నాక, మిత్రుడి పదహారేళ్ళ కొడుకు మా పిల్లలకు పాఠం మొదలుపెట్టాడు. వాడికి అది బడి పాఠమే. 1215 జూన్ 15. యుద్ధాల్లో ఓడి, పన్నుల మీద పన్నులు వేసిన జాన్ రాజు విండ్సర్ వైపు నుంచి వచ్చాడు. తిరగబడ్డ సామంతులు స్టెయిన్స్ వైపు నుంచి వచ్చారు. ఇద్దరికీ మధ్యలో ఉన్న బయలు ఇది. ఆ సంగతి పత్రంలోనే రాసి ఉన్నది. రాజు ముద్ర వేశాడు. పది వారాలకే పోప్ మూడవ ఇన్నోసెంట్ ఆ పత్రం చెల్లదని ప్రకటించాడు. రాజు చనిపోయాక కొడుకు పేరు మీద మళ్ళీ జారీ అయింది. తరువాత మళ్ళీ, మళ్ళీ. అసలు మాగ్నా కార్టా అన్న పేరు కూడా రెండేళ్ళ తరువాత వచ్చిందే.

"అయితే అందులో పేదవాళ్ళకు ఏముంది?" అని అడిగింది మా అమ్మాయి. దానికి పద్నాలుగేళ్ళు.

"పెద్దగా ఏమీ లేదు," అన్నాడు వాడు నిజాయితీగా. "స్వేచ్ఛ ఉన్న మనిషి అని రాశారు. అప్పట్లో ఎక్కువమంది రైతులు ఆ లెక్కలోకి రారు."

ఆ కుర్రవాడు చెప్పింది మన రాజ్యాంగ చర్చల్లోనూ వినబడవలసిన మాట. 1858లో విక్టోరియా రాణి చేసిన ప్రకటనను భారతీయుల మాగ్నా కార్టా అని మన తొలితరం నాయకులు కొనియాడారు. మతాన్ని, జాతిని బట్టి వివక్ష ఉండదన్న ఆ హామీని పట్టుకొని అర్ధశతాబ్దం విజ్ఞాపనలు పంపారు. 1919లో వారికి జవాబుగా దొరికింది రౌలట్ చట్టం. కాగితం మీది వాగ్దానానికి, నేల మీది మనిషికి మధ్య ఎంత దూరం ఉన్నదో చెప్పేది ఆ 61 ఏళ్ళ అనుభవమే.

పులిహోర, పెరుగన్నం, జంతికలు, కీమా సమోసాలు కలిసిన భోజనం ముగిసింది. పులిహోర రెండోసారి వడ్డించుకుంటూ వకీల్ సాబ్ దీన్ని లాహోరులో అమ్మితే కేసులు లేని రోజుల్లో బతికేసేవాడినని అన్నారు. ఆ తరువాత చెట్టు చూడటానికి బయలుదేరాం.

కొండ అంచున ఎనిమిది స్తంభాల మీద గుమ్మటంలా నిలిచిన చిన్న మండపం ఉన్నది. మాగ్నా కార్టా స్మారకం. దాన్ని కట్టించింది ఆంగ్లేయులు కాదు, అమెరికన్ న్యాయవాదులు, 1957లో, తమ సంఘం చందాలతో. అమెరికా నుంచి వచ్చిన కృతజ్ఞత అది. ఆ మండపం దగ్గరే మన చెట్టు. 1987లో ఎలిజబెత్ రాణి నాటిన ఓక్ ఉన్న ఆవరణలోనే 1994లో భారత ప్రధాని పి.వి. నరసింహారావు నాటిన ఓక్ ఉన్నది. ఓక్ వందల ఏళ్ళు బతికే చెట్టు. ముప్పై ఒక్క ఏళ్ళంటే ఇంకా పడుచుతనమే. కింద చిన్న ఫలకం. స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన అనే విలువలను భారత ప్రజలు తమ రాజ్యాంగంలో పొందుపరచుకున్నారని, ఆ విలువలకు గుర్తుగా ఈ చెట్టు అని దాని సారాంశం. తేదీ 1994 మార్చి 16.

అప్పటి కరీంనగర్ జిల్లా వంగర నుంచి వచ్చిన మనిషి పేరు థేమ్స్ ఒడ్డున రాతి మీద కనబడితే తెలుగువాడి మనసు కొంచెం పొంగుతుంది. నాకూ పొంగింది. మిత్రుడు చెట్టుకు నమస్కారం పెట్టి, "పుట్టినరోజు శుభాకాంక్షలు సార్" అన్నాడు, విలేకరుల సమావేశంలో అన్నట్టే. మా తొమ్మిదేళ్ళ అబ్బాయికి మాత్రం వేరే సందేహం వచ్చింది.

"మామయ్యా, ఆయన మొక్క నాటేసి ఢిల్లీ వెళ్ళిపోయాడు కదా. నీళ్ళెవరు పోశారు?"

"ఇక్కడ వాన పోస్తుందిరా," అన్నది మిత్రుడి భార్య.

అందరం నవ్వుకున్నాం. నా కళ్ళు మాత్రం ఆ తేదీ మీదనే ఉన్నాయి. సుప్రీంకోర్టు వార్తలు రాసినవాడికి 1994 మార్చి అనగానే గుర్తొచ్చేది మార్చి 11. పి.వి. ఇక్కడ మొక్క నాటడానికి సరిగ్గా అయిదు రోజుల ముందు. ఆ ఒక్క రోజున మన సుప్రీంకోర్టు రెండు పెద్ద తీర్పులు ఇచ్చింది.

మొదటిది ఎస్.ఆర్. బొమ్మై కేసు. 356వ అధికరణ కింద రాష్ట్ర ప్రభుత్వాన్ని రద్దు చేస్తే ఆ నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చునని, మెజారిటీ ఉన్నదో లేదో తేలవలసింది రాజ్‌భవన్‌లో కాక సభలోనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు ఎలా కూలదోశారో చూసిన తెలుగువారికి ఆ తీర్పు విలువ వేరే చెప్పాలా? లౌకికత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని కూడా అదే తీర్పు స్పష్టం చేసింది. బాబ్రీ మసీదు కూల్చివేత తరువాత మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వాలను పి.వి. ప్రభుత్వం రద్దు చేయడాన్ని సమర్థించింది.

రెండోది కర్తార్ సింగ్ కేసు. అందులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం టాడా చట్టం రాజ్యాంగబద్ధమేనని ప్రకటించింది. పోలీసు అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని నిందితుడికి వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడుకోవచ్చునన్న నిబంధనను ముగ్గురు సమర్థించారు, ఇద్దరు తప్పన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. ఆ చట్టం కింద దేశమంతటా 75 వేల మందికి పైగా అరెస్టయ్యారు. వారిలో నూటికి ఇద్దరికి కూడా శిక్ష పడలేదు. మిగిలినవారు ఏ నేరమూ రుజువు కాకుండానే నెలలు, ఏళ్ళు లోపల గడిపారు.

అంటే, చట్టబద్ధ పాలనకు గుర్తుగా మన ప్రధాని ఇక్కడ మట్టి పోస్తున్న క్షణాన, మన జైళ్ళలో వేలమంది తమ మీద అభియోగమేమిటో తేలక ఎదురుచూస్తున్నారు.

ఈ కథలో ఇంకో సగం కూడా చెప్పడం న్యాయం. ఆ పి.వి. ప్రభుత్వమే 1993లో జాతీయ మానవ హక్కుల సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఆ సంఘమే టాడాను పొడిగించవద్దని పార్లమెంటు సభ్యులను కోరింది. 1995 మేలో గడువు ముగిసినప్పుడు పి.వి. ప్రభుత్వం దాన్ని పొడిగించలేదు. అప్పటికే పెట్టిన కేసులు మాత్రం ఏళ్ళ తరబడి నడిచాయి.

ఇదంతా మా అమ్మాయికి చెట్టు నీడలో నిలబడి క్లుప్తంగా చెప్పాను. అది కాసేపు ఆలోచించి, ఆ వయసు పిల్లలు అడగవలసినదే అడిగింది. "అయితే ఆయన మంచివాడా, కాదా?"

నేను నీళ్ళు నములుతుండగా వకీల్ సాబ్ అందుకున్నారు. "బేటీ, వకీలు ఆ ప్రశ్న అడగడు. ఆ రోజున జైల్లో ఎవరున్నారు, ఎందుకున్నారు అని అడుగుతాడు."

అప్పుడే నా సహచరి ఫోనుకు సందేశం వచ్చింది. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మిత్రుడూ నేనూ పనిచేసిన డెస్కులోనే మూడో మనిషి ఒకరు ఉండేవారు. మాకన్నా పెద్దవారు. మా ఇద్దరికీ వాక్యం ఎక్కడ ఆపాలో నేర్పినవారు. రాజధానికి దూరంగా ఉన్న ఒక పట్టణంలో ఆయన మూడో ఏడాది జైలులో ఉన్నారు. ఉపా కేసు. విచారణ మొదలు కాలేదు. ఆయన భార్య కోరిక మీద పేరు, ఊరు రాయడం లేదు. శుక్రవారం ఆయన బెయిలు పిటిషను విచారణకు రావలసి ఉన్నది. ప్రాసిక్యూటరు రాలేదట. ఆగస్టు మొదటి వారానికి వాయిదా. సందేశంలో చివరి మాట: "ఆయన కులాసాగానే ఉన్నారు. కళ్ళద్దాలు మార్చాలి, అర్జీ పెట్టాం. మీరు పిల్లలతో హాయిగా తిరగండి."

మిత్రుడు ఫోను తీసుకొని చదివి, ఏమీ మాట్లాడకుండా నది వైపు నడిచాడు. కొంతసేపటికి వెనక్కి వచ్చి, "అందరం కలిసి పనిచేశాం. ఒకడు లోపల, ఒకడు ఢిల్లీలో, ఒకడు ఇక్కడ," అన్నాడు. వృత్తి మానేసినందుకు అతడు బాధపడటం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

మాగ్నా కార్టాలో ఈనాటికీ తలుచుకునే నిబంధనలు రెండు. 39వది, చట్టప్రకారం తప్ప ఎవరినీ బంధించకూడదన్నది. 40వది, న్యాయాన్ని ఎవరికీ అమ్మబోమని, నిరాకరించబోమని, జాప్యం చేయబోమని రాజు ఇచ్చిన మాట. 39వ దానికి మన 21వ అధికరణలో స్థానం దొరికింది. మొదట 1950లో గోపాలన్ కేసులో దాన్ని ఇరుకుగా, 1978లో మేనకా గాంధీ కేసులో విశాలంగా చదివారు. 40వ దానిలోని మూడు మాటల్లో మొదటి రెండింటి గురించి మనం చాలా మాట్లాడుకుంటాం. లంచం వార్త అవుతుంది. నిరాకరణ వార్త అవుతుంది. మూడోది వార్త కాదు. "కేసు వాయిదా పడింది" అన్న వాక్యాన్ని ఇరవై ఏళ్ళలో నేను ఎన్ని వందల సార్లు రాశానో, ఎన్నిసార్లు లోపలి పేజీలో చివరి కాలమ్‌కు చేరిందో లెక్క లేదు. జాప్యానికి బాధ్యులు ఉండరు. దానికి ఒక ఉత్తర్వు, ఒక సంతకం, ఒక దుర్మార్గుడు అక్కరలేదు. ప్రాసిక్యూటరు రాకపోతే చాలు.

2022 చివరినాటి అధికారిక లెక్కల ప్రకారం మన జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురు. వారిలో చాలామంది కేసుకు పత్రికల్లో పేరు ఉండదు, మేధావుల సంతకాల ఉత్తరం ఉండదు. పూచీకత్తు కట్టలేని పేదలు. ఇక ఉపా విషయంలో జాప్యం చట్టంలోనే కూర్చున్నది. 2008లో చేర్చిన 43డి(5) సెక్షన్ ప్రకారం, అభియోగం పైకి నిజమేనని కోర్టుకు అనిపిస్తే బెయిలు ఇవ్వడానికి వీల్లేదు. సుదీర్ఘ నిర్బంధం ఉన్నప్పుడు ఆ నిబంధన అడ్డు కాదని 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పిన అయిదు నెలలకు, 84 ఏళ్ళ స్టాన్ స్వామి బెయిలు రాకుండానే కన్నుమూశారు. చట్టం తెచ్చిన పార్టీ ఒకటి, దాన్ని ఇప్పుడు విరివిగా వాడుతున్న పార్టీ మరొకటి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతి పార్టీకీ 21వ అధికరణ గుర్తుంటుంది.

ఎమర్జెన్సీ ప్రకటించి యాభై ఏళ్ళు నిండింది మేము రన్నీమీడ్ వెళ్ళడానికి మూడు రోజుల ముందే. ఢిల్లీలో దాని మీద సభలు జరిగాయి. 1976 ఏప్రిల్ 28 నాటి జబల్‌పూర్ కేసు తీర్పును అందరూ తిట్టారు. తిట్టవలసిందే. ఎమర్జెన్సీలో అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించే హక్కు పౌరుడికి లేదని నలుగురు న్యాయమూర్తులు అన్నారు, ఒక్క హెచ్.ఆర్. ఖన్నా కాదన్నారు. ప్రధాన న్యాయమూర్తి పదవి పోగొట్టుకున్నారు. ఆ తీర్పును సుప్రీంకోర్టు లాంఛనంగా కొట్టివేయడానికి 2017 దాకా, 41 ఏళ్ళు పట్టింది. నాటి అన్యాయాన్ని తలుచుకోవడం తేలిక. నేటి వాయిదాను లెక్కపెట్టడం కష్టం.

పడమటి ఎండలో నది పక్కన నడుస్తూ ఈ సంగతులే మాట్లాడుకున్నాం. వకీల్ సాబ్ 2007లో నల్లకోటుతో లాహోరు వీధుల్లో లాఠీదెబ్బలు తిన్నవారు. ముషారఫ్ పక్కనపెట్టిన ప్రధాన న్యాయమూర్తి ఇఫ్తికార్ చౌధరీని తిరిగి ఆ పదవిలో కూర్చోబెట్టేదాకా, రెండేళ్ళు, న్యాయవాదులు సాగించిన ఉద్యమం అది. "గెలిచాం. న్యాయమూర్తి తిరిగి వచ్చాడు. న్యాయం ఇంకా దారిలోనే ఉంది," అని నవ్వారు. మీ విమానాలు, మా విమానాలు గాలిలో తలపడిన మే 7ననే మా సుప్రీంకోర్టు పౌరులను సైనిక కోర్టులు విచారించవచ్చునని తీర్పు ఇచ్చింది, యుద్ధం గోలలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదని అన్నారు. నేను విన్నది కూడా ఆయన నోటనే. ఆ రోజు మా పత్రికల నిండా యుద్ధమే.

మా రెండు దేశాలనేముంది. శ్రీలంకలో 1979 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం, బంగ్లాదేశ్‌లో 1974 నాటి ప్రత్యేక అధికారాల చట్టం. సరిహద్దుల దగ్గర తుపాకులు గురిపెట్టుకున్న దేశాలన్నీ ఈ ఒక్క విషయంలో అన్నదమ్ములే. వలస ప్రభువు వదిలివెళ్ళిన ఆస్తిలో అన్నింటికన్నా జాగ్రత్తగా కాపాడుకున్నది విచారణ లేని నిర్బంధాన్నే.

పిల్లలకు మాత్రం బయలు మధ్యలో ఉన్న పన్నెండు కంచు కుర్చీలు అన్నింటికన్నా నచ్చాయి. ఎనిమిది వందల ఏళ్ళ సందర్భంగా 2015లో హ్యూ లాక్ అనే శిల్పి చేసినవి. న్యాయం కోసం జరిగిన పోరాటాల బొమ్మలు వాటి మీద చెక్కి ఉన్నాయి. ఎవరైనా కూర్చోవచ్చు. ఒక కుర్చీ మీద మన కార్నీలియా సొరాబ్జీ. ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రం చదివిన తొలి మహిళ. 1892లో పరీక్ష పూర్తిచేసినా, ఆడవారికి డిగ్రీ ఇవ్వని కాలం కనుక పట్టా చేతికి రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. మా అమ్మాయి ఆ కుర్చీలో కూర్చొని లేవనన్నది.

సాయంత్రం కొండ మీదకు ఎక్కాం. అక్కడ వైమానిక దళాల స్మారకం ఉన్నది. రెండో ప్రపంచ యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన, సమాధి అంటూ లేని 20 వేల మందికి పైగా పేర్లు దాని గోడల మీద ఉన్నాయి. వాటిలో నూర్ ఇనాయత్ ఖాన్ పేరు వెతికాం. టిప్పు సుల్తాన్ వంశస్థురాలు, సూఫీ సంగీతకారుడి బిడ్డ. పారిస్‌లో రహస్య వైర్‌లెస్ నడుపుతూ 1943లో నాజీలకు చిక్కింది. మనిషి ఎక్కడున్నదీ ఎవరికీ తెలియనీయకూడదన్న ఖైదీల కోవలో పెట్టి, నెలల తరబడి సంకెళ్ళతో ఉంచి, 1944 సెప్టెంబరులో డాఖావులో చంపేశారు. ఆ పేరు దగ్గర వకీల్ సాబ్ చాలాసేపు నిలబడ్డారు. ఆ స్మారకం మీది నుంచి చూస్తే కింద బయలంతా కనబడుతుంది. మనిషిని ఎక్కడ ఉంచావో చెప్పు, ఎందుకు ఉంచావో చెప్పు అని రాజును నిలదీసే హక్కుకు మొదటి విత్తనం పడిందని లోకం నమ్మే నేల కింద. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు లేకుండా పోయిన మనిషి పేరు పైన.

రాజ్యాంగ నైతికత సహజంగా పుట్టే గుణం కాదని, దాన్ని సాగుచేయాలని, మన నేల మీద ప్రజాస్వామ్యం పైపూత మాత్రమేనని అంబేడ్కర్ 1948 నవంబరులో రాజ్యాంగసభలో హెచ్చరించారు. మా అబ్బాయి అడిగిన ప్రశ్నకు సరైన జవాబు నాకు అక్కడ దొరికింది. మన దగ్గర వాన పోయదు. జస్టిస్ ఖన్నా కొంత పోశారు. మన తెలుగు నేల మీద కన్నబిరాన్, బాలగోపాల్ ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి కొన్ని కుండలు పోశారు. బెయిలు వాయిదా పడ్డ ప్రతిసారీ రాత్రి బస్సెక్కి, తెల్లవారి కోర్టు మెట్ల దగ్గర దిగే ఆ వదినగారు ఇప్పుడు పోస్తున్నారు. చెట్టు నాటినవారి పేరు ఫలకం మీద ఉంటుంది. నీళ్ళు పోసినవారికి ఫలకాలు ఉండవు. అయినా ప్రధానులకు, పార్టీలకు అతీతంగా ఆ చెట్టు నిలబడేది వారి వల్లనే.

ఇంటికి చేరేసరికి రాత్రి పది. ఇంకా వెలుతురు పోలేదు. మిత్రుడు వంటింటి బల్ల దగ్గర కూర్చొని, మా పెద్దాయన పాత వ్యాసాలన్నీ ఒకచోట చేర్చే పని మొదలుపెట్టాడు. పుస్తకంగా వేద్దామని. శీర్షిక ఇంకా కుదరలేదు. సగం వ్యాసాలు నా దగ్గరే ఉన్నాయి. ఢిల్లీ చేరగానే పంపాను.

కళ్ళద్దాల అర్జీని జైలు అధికారులు ఆమోదించారని నిన్ననే తెలిసింది. బెయిలు విచారణ ఆగస్టు మొదటి వారంలో. ఈసారి కోర్టులో నేనూ ఉంటాను. ప్రాసిక్యూటరు వచ్చారో లేదో ఇక్కడే రాస్తాను.